అర్జున దాకా అజయ్ కుమార్ రెడ్డి: అంధుల క్రికెట్ వెనక కథ

2024 జనవరి 9న రాష్ట్రపతి భవన్‌లో అర్జున అవార్డు అందుకున్నవారిలో ఇద్దరు క్రికెటర్లున్నారు. ఒకరు మహ్మద్ షమీ, పరిచయం అక్కర్లేదు. రెండో వ్యక్తి మన పల్నాడు కుర్రాడు ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి. అంధుల క్రికెట్ నుంచి ఈ అవార్డు దక్కిన మొదటి ఆటగాడు అతనే. అప్పటికే అతను ఆడిన జట్టు ఐదు ప్రపంచకప్పులు గెలిచింది. ఇన్ని కప్పుల తర్వాత కూడా అతని పేరు తెలుగు రాష్ట్రాల్లోనే చాలామందికి కొత్త. ఎందుకిలా జరిగిందో అతని స్కోర్లు చూస్తే తెలియదు. ఆ ఆట ఎక్కడ పుట్టి, ఎవరి చేతుల్లో పెరిగిందో చూడాలి.

ఆట పుట్టింది ఆస్ట్రేలియాలో. 1922లో మెల్‌బోర్న్‌లోని ఒక ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు అంధులు రేకు డబ్బాలో రాళ్లు వేసి, ఆ చప్పుడును బట్టి బ్యాటింగ్ చేసేవారట. ఇండియాలో అది అంధుల పాఠశాలల్లో పిల్లల ఆటగా చాలాకాలం ఉండిపోయింది. డెహ్రాడూన్‌లోని అంధుల పాఠశాలలో పిల్లలు క్రికెట్ ఆడటం చూసిన జార్జ్ అబ్రహాం 1990లో జాతీయ స్థాయి టోర్నీకి శ్రీకారం చుట్టారు. 1996లో ప్రపంచ అంధుల క్రికెట్ మండలి ఢిల్లీలోనే ఏర్పడింది. 1998లో తొలి ప్రపంచకప్ కూడా ఢిల్లీలోనే జరిగింది. అది దక్షిణాఫ్రికా గెలిచింది. తర్వాతి రెండు కప్పులు, 2002లో చెన్నైలోనూ 2006లో ఇస్లామాబాద్‌లోనూ, పాకిస్థాన్ ఎగరేసుకుపోయింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ పనులన్నీ చేసింది స్వచ్ఛంద సంస్థలు, చందాలు పోగుచేసుకున్న వ్యక్తులు. క్రికెట్ బోర్డు కాదు.

అజయ్ ఆట అర్థం కావాలంటే నిబంధనలు కొంచెం తెలియాలి. చూపును బట్టి ఆటగాళ్లను మూడు వర్గాలు చేస్తారు. బీ1 అంటే పూర్తి అంధులు. బీ2, బీ3 వాళ్లకు అంతో ఇంతో చూపుంటుంది, అందులో బీ3 వాళ్లది కాస్త మెరుగు. పదకొండు మందిలో కనీసం నలుగురు బీ1 ఉండాలి, బీ3 వాళ్లు నలుగురికి మించకూడదు. బంతి గట్టి ప్లాస్టిక్‌ది. లోపల బాల్ బేరింగులుంటాయి కాబట్టి గలగలమంటుంది. బౌలర్ 'రెడీ?' అని అడగాలి, బ్యాటర్ 'యెస్' అన్నాకే 'ప్లే' అంటూ కింది నుంచి విసరాలి. బంతి నేలబారుగా వస్తుంది గనుక స్వీప్ షాటే ఈ ఆటకు ప్రాణం. బీ1 బ్యాటర్ కొట్టిన ప్రతి పరుగుకూ రెట్టింపు లెక్క, అతని బదులు పరిగెత్తడానికి రన్నర్ ఉంటాడు. బీ1 ఫీల్డర్ ఒక బౌన్స్ తర్వాత పట్టినా క్యాచే. మొత్తం ఓవర్లలో కనీసం నలభై శాతం బీ1 బౌలర్లే వేయాలి. అంటే కెప్టెన్ ఏ ఓవర్ ఎవరికి ఇస్తున్నాడన్నది మామూలు క్రికెట్ కన్నా ఇక్కడ పెద్ద తలనొప్పి. అంతో ఇంతో చూపున్న బౌలర్లను చివరి ఓవర్లకు దాచుకుంటే మధ్యలో పరుగులు పోతాయి, ముందే వాడేస్తే ఆఖర్లో చిక్కు.

ఇంత లెక్క ఉన్న ఆటను 'పాపం, కళ్లు లేకపోయినా ఆడుతున్నారు' అన్న ఒక్క మాటతో తేల్చేస్తాం. నాకైతే ఆ జాలి కన్నా మ్యాచ్ స్కోర్‌కార్డు వేయడమే ఎక్కువ గౌరవం అనిపిస్తుంది.

అజయ్‌ది బీ2 వర్గం. చిన్నతనంలోనే ఎడమకన్ను పోయింది, రెండో కంట్లో ఉన్నదీ పరిమితమైన చూపే. నరసరావుపేటలోని లూథరన్ అంధుల పాఠశాలలో చేరాకే ఈ క్రికెట్ చేతికొచ్చింది. 2012లో బెంగళూరులో జరిగిన తొలి టీ20 ప్రపంచకప్, 2014లో దక్షిణాఫ్రికాలో వన్డే కప్పు. రెండూ శేఖర్ నాయక్ కెప్టెన్సీలో, రెండు ఫైనల్స్‌లోనూ పాకిస్థాన్ మీదే గెలిచారు. 2017లో టీ20 కప్పు నాటికి పగ్గాలు అజయ్‌కి వచ్చాయి. ఆ ఏడాది చిన్నస్వామి స్టేడియంలో తొమ్మిది వికెట్ల తేడాతో గెలిచారు. అన్నింటికన్నా గట్టి మ్యాచ్ మాత్రం 2018 జనవరిలో షార్జాలో జరిగిన వన్డే ఫైనల్. పాకిస్థాన్ మూడొందలు దాటింది. సునీల్ రమేశ్ 93 కొట్టినా చివరిదాకా టెన్షనే, రెండు వికెట్ల తేడాతో గట్టెక్కారు. 2022 టీ20 కప్పు ఫైనల్లో బంగ్లాదేశ్ మీద అజయ్ సెంచరీ చేశాడు, రమేశ్ మరో సెంచరీ బాదాడు. 120 పరుగుల తేడాతో మరో కప్పు.

కప్పులైతే వచ్చాయి. ఆ కప్పు తెచ్చినవాళ్లకు నెల జీతం సంగతి? 2018 జట్టులోని గుజరాత్ ఆటగాడొకరు 2021లో నవ్‌సారిలో రోజుకు 250 రూపాయల కూలికి పనిచేస్తున్నాడని వార్తలొచ్చాయి. జట్టును నడిపేది బెంగళూరు కేంద్రంగా ఉన్న అంధుల క్రికెట్ సంఘం, దాని వెనక సమర్థనం ట్రస్టు. బీసీసీఐ కాంట్రాక్టులు వీళ్లకు లేవు. బోర్డు సంస్కరణల కోసం సుప్రీంకోర్టు వేసిన లోధా కమిటీ సిఫార్సుల తర్వాత బోర్డు నియమావళిలో దివ్యాంగుల క్రికెట్ కోసం ఒక కమిటీకి చోటు దక్కింది. 2021లో దివ్యాంగుల క్రికెట్ మండలికి బోర్డు గుర్తింపు కూడా ఇచ్చింది. గుర్తింపు వేరు, జీతం వేరు. పోనీ ప్రభుత్వం నుంచి వస్తుందా అంటే, పారాలింపిక్స్‌లో క్రికెట్ లేదు. ఒక్క పతకంతో పారా అథ్లెట్ జీవితం మారిపోయే దేశంలో, ఐదు కప్పులు గెలిచినా ఆ తలుపు వీళ్లకు తెరుచుకోదు. కప్పు గెలిచిన వారంలో ఏ ముఖ్యమంత్రి ఏం ప్రకటిస్తారన్నదే ఆధారం. అది రాష్ట్రానికో రకంగా ఉంటుంది.

పైగా అసలైన ప్రత్యర్థితో ఆడటమే గగనం. 2024 టీ20 ప్రపంచకప్ పాకిస్థాన్‌లో పెట్టారు, కేంద్రం అనుమతి ఇవ్వకపోవడంతో భారత జట్టు వెళ్లలేదు. డిఫెండింగ్ చాంపియన్లు ఒక్క బంతి ఆడకుండానే టైటిల్ వదులుకున్నారు. ఆటగాడి కెరీర్‌లో అలాంటి అవకాశాలు ఎన్నిసార్లు వస్తాయి?

ఇప్పుడు అమ్మాయిలూ ఇదే దారిలో ఉన్నారు. 2023లో బర్మింగ్‌హామ్ ప్రపంచ అంధుల క్రీడల్లో స్వర్ణం తెచ్చారు. 2025 నవంబర్ 23న కొలంబోలో నేపాల్‌ను ఓడించి తొలి మహిళల టీ20 ప్రపంచకప్ గెలిచారు. ఫైనల్లో 42 పరుగులు చేసిన పంగి కరుణ కుమారి అల్లూరి జిల్లా అమ్మాయి. కెప్టెన్ దీపిక ఆడేది కర్ణాటకకైనా ఊరు మాత్రం శ్రీసత్యసాయి జిల్లా మడకశిర ప్రాంతంలోదే. డిసెంబర్‌లో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌ను కలిసినప్పుడు ఆమె అడిగింది తమ ఊరికి రోడ్డు. అది మంజూరైంది. జట్టుకు నెల జీతాల సంగతి మాత్రం ఇంకా అలాగే ఉంది.