పెద్దవాళ్ల తిండి: అపోహలు – వాస్తవాలు

ఆమధ్య ఓపీకి ఒక పెద్దావిడ వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. గాజులు మోచేతిదాకా జారుతున్నాయి, ఉంగరం ఊడిపోకుండా దారం చుట్టుకున్నారు. "వయసు కదా మేడం, అత్తయ్యకి తిండి తగ్గింది, అంతే" అంది కోడలు. డైటీషియన్‌గా నేను రోజూ వినే మాట ఇది.

అపోహ: వయసు మీదపడితే చిక్కిపోవడం మామూలే.

కాదు. ఆకలి కొంత తగ్గే మాట నిజమే. కానీ ఏ ప్రయత్నమూ చేయకుండా ఆరు నెలల్లో బరువు 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57కి వస్తే, కారణం వెతకాల్సిందే. థైరాయిడ్ కావచ్చు, క్షయ కావచ్చు, నోటికి రుచి తెలియనివ్వని మందులు కావచ్చు, తోడు పోయాక ఒక్కరికే వండుకోబుద్ధి కాకపోవచ్చు. ఈ పెద్దావిడ కట్టుడు పళ్లు చేతిరుమాల్లో చుట్టి సంచిలో ఉన్నాయి. చిగుళ్లకి ఒరుసుకుంటున్నాయని రెండు నెలలుగా పెట్టుకోవడం లేదట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అపోహ: ఈ వయసులో చారన్నం, మజ్జిగన్నం చాలు. పప్పు, గుడ్డు అరగవు.

నేను చూసినంతలో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. కెలోరీలు కాస్త తగ్గినా ఫర్వాలేదు గానీ మాంసకృత్తులు తగ్గకూడదు. కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. 50 కిలోల మనిషికి కనీసం 50 గ్రాములన్నమాట. కప్పు చారన్నంలో నాలుగైదు గ్రాములుంటే గొప్ప. ఇలాగే సాగితే కండ కరుగుతుంది. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వస్తుంది, బాత్రూములో కాలు తడబడుతుంది. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసుడు పాలలో మరో 6, 30 గ్రాముల కందిపప్పులో దాదాపు 7 ఉంటాయి. మెత్తటి ముద్దపప్పు, పెసరపప్పు పులగం, గుడ్డు పొరటు, ముల్లు తీసిన చేప పళ్లు లేనివాళ్లూ తినగలరు. ఒకేసారి కాదు, మూడు పూటలకీ పంచి పెట్టండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే పెంచాలి.

అపోహ: షుగరుంది కాబట్టి మూడు పూటలా రాగిజావే మంచిది.

రాగుల్లో కాల్షియం మెండు, నేనూ తాగమనే చెబుతాను. అయితే గ్లాసు జావలో పడేది రెండు చెంచాల పిండి. దాంతో కడుపు నిండినట్టు ఉంటుందే తప్ప ఒంటికి పట్టేది తక్కువ. పైగా పల్చటి జావ షుగర్ని త్వరగానే పెంచుతుంది. షుగరుకని తీపి, బీపీకని ఉప్పు, గ్యాసుకని పప్పు, కొలెస్ట్రాలుకని గుడ్డు తీసేశాక పాపం ఆ కంచంలో ఏం మిగిలింది? చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: లావుగా ఉన్నవాళ్లకి పోషకాల లోపాలుండవు.

ఉంటాయి. షుగరుకి వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవాళ్లలో, శాకాహారుల్లో బి12 విటమిన్ తగ్గే అవకాశం ఎక్కువ. అది తగ్గితే వచ్చే అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు కూడా వయసు ఖాతాలోనే వేసేయకుండా ఒక రక్తపరీక్ష చేయించండి.

ఇంట్లో బరువు చూసే మిషను లేకపోతే పిక్క లావుగా ఉన్నచోట దర్జీ టేపు పెట్టి కొలవండి. 31 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే కండ కరిగి ఉండొచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.