ప్రేమించినందుకు క్షమాపణ: కొరియన్ ఐడల్స్ డేటింగ్ గొడవ ఎక్కడ మొదలైంది?

2024 మార్చి 5న దక్షిణ కొరియా పాప్ గ్రూప్ ఎస్పా గాయని కరీనా తన చేత్తో రాసిన ఉత్తరాన్ని ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. ఏజెన్సీలు శిక్షణ ఇచ్చి తయారుచేసే ఇలాంటి పాప్ తారల్ని అక్కడ ఐడల్స్ అంటారు. ఆ ఉత్తరం అభిమానులకు చెప్పిన క్షమాపణ. అంతకు వారం ముందు, ఫిబ్రవరి 27న, నటుడు లీ జే-వుక్‌తో ఆమె ప్రేమలో ఉందని డిస్పాచ్ అనే వార్తాసంస్థ బయటపెట్టింది. ఆమెకు 23 ఏళ్లు, అతనికి 25. ఇద్దరికీ పెళ్లి కాలేదు. ఎవర్నీ మోసం చేయలేదు. అయినా సియోల్‌లో ఆమె ఏజెన్సీ ఎస్‌ఎం ఎంటర్‌టైన్‌మెంట్ ఆఫీసు ముందుకు ఎలక్ట్రానిక్ బోర్డు బిగించిన ట్రక్కు వచ్చి ఆగింది. 'అభిమానులు ఇచ్చే ప్రేమ నీకు సరిపోలేదా' అన్న అర్థంలో బోర్డు మీద అక్షరాలు. క్షమాపణ చెప్పకపోతే ఆల్బమ్‌లు అమ్ముడుపోవు, కచేరీల్లో సీట్లు ఖాళీగా ఉంటాయి అని హెచ్చరిక కూడా. ఉత్తరం రాసిన నెల తిరక్కుండానే, ఏప్రిల్ 2న, ఇద్దరూ విడిపోయారని వార్త వచ్చింది.

తెలుగువాళ్లకి ఇది వింతగానే ఉంటుంది. మన దగ్గర హీరో పెళ్లంటే ఫ్యాన్స్ ఫ్లెక్సీలు కట్టి అన్నదానాలు చేస్తారు. హీరోయిన్ పెళ్లి విషయంలో మాత్రం మన పరిశ్రమ అంత ఉదారంగా లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ప్రేమలో పడ్డందుకు బహిరంగంగా తప్పు ఒప్పుకోమని ఎవరూ అడగరు. అందుకే కొరియా వార్త చదవగానే 'వీళ్లకేం పిచ్చి' అనేస్తాం. అలా అనేసి పక్కన పెడితే అసలు సంగతి కనబడదు. ఈ కోపం దానంతటదే పుట్టింది కాదు. వ్యాపారం కోసం ముప్పై ఏళ్లుగా పెంచి పోషించింది.

కాస్త వెనక్కి వెళ్దాం. దక్షిణ కొరియాలో యువత ప్రేమ వ్యవహారాల్లోకి రాజ్యం, పెద్దలు నేరుగా చెయ్యి పెట్టిన కాలం మరీ పాతదేం కాదు. 1945 నుంచి 1982 జనవరి దాకా రాత్రిపూట కర్ఫ్యూ ఉండేది, చాలాకాలం అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 4 వరకు. ప్రేమికులు ఆఖరి బస్సు అందుకోవాల్సిందే. 1970లలో అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ హయాంలో పోలీసులు రోడ్డు మీద అబ్బాయిల జుట్టు కత్తిరించారు, అమ్మాయిల మినీ స్కర్ట్‌లను స్కేలు పెట్టి కొలిచారు. 1975లో పాటల మీద పెద్ద ఎత్తున నిషేధాలు వచ్చాయి. ఆ ఏడాది చివర్లో గంజాయి కేసులతో రాక్ సంగీతకారుల్ని వేదికల నుంచి దింపేశారు. పాటలకు ముందస్తు సెన్సార్ పూర్తిగా పోయింది 1996లో.

పెళ్లి చట్టాలూ అంతే. ఒకే ఇంటిపేరు, ఒకే వంశమూలం ఉన్నవాళ్ల మధ్య పెళ్లి, అంటే సగోత్ర వివాహం, చట్టప్రకారం నిషిద్ధం. గిమ్హే కిమ్ వంశంవాళ్లే 40 లక్షల మందికి పైగా ఉన్న దేశంలో దీని బరువు ఊహించుకోండి. ఏ చుట్టరికమూ లేని ఇద్దరు ప్రేమించుకున్నా పెళ్లి నమోదయ్యేది కాదు, పిల్లలకు చట్టబద్ధమైన హోదా దొరికేది కాదు. ప్రభుత్వం 1978, 1988, 1996లలో ఏడాదేసి చొప్పున మినహాయింపు ఇచ్చింది. ఆ గడువులో నమోదు చేసుకున్నవాళ్లు బయటపడ్డారు. 1997లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని తప్పుపట్టింది. 2005లో చట్టం నుంచి తీసేశారు. ఇంటి యజమానిగా మగవాణ్నే నమోదు చేసే పద్ధతి 2008 జనవరి 1తో పోయింది. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసే సెక్షన్‌ని 2015 ఫిబ్రవరిలో కొట్టేశారు. ఒక్క తరంలోనే చట్టం చాలా దూరం నడిచింది. ఐడల్స్ పరిశ్రమ మాత్రం అదే కాలంలో, అదే ఊళ్లో, ఎదురు దిక్కుకి నడిచింది.

1992లో సియో తైజీ అండ్ బాయ్స్ అనే ముగ్గురు కుర్రాళ్లు టీవీ పోటీలో ర్యాప్ కలిపిన పాట పాడారు. జడ్జిలు అందరికంటే తక్కువ మార్కులేశారు. టీనేజర్లు మాత్రం వాళ్లని నెత్తిన పెట్టుకున్నారు. జేబులో డబ్బున్న కుర్రకారు ఒక మార్కెట్ అని పరిశ్రమకు అర్థమైంది అప్పుడే. 1996 జనవరిలో ఆ గ్రూప్ విడిపోయింది. సియో తైజీ 1997లో అమెరికాలో, తర్వాత నటి అయిన ఒకామెని రహస్యంగా పెళ్లి చేసుకున్నాడు. అది కొరియాకు తెలిసింది 2011లో, అదీ ఆమె ఆస్తి పంపకం కోసం కోర్టుకెళ్తే. వ్యవస్థనే ఎదిరించాడని పేరున్న మనిషి కూడా పెళ్లిని దాచుకున్నాడంటే, ఏ ఏజెన్సీ నిబంధనా రాకముందే భయం ఎంత ఉందో తెలుస్తుంది.

ఆ భయాన్ని పద్ధతిగా మార్చింది లీ సూ-మాన్. ఒకప్పుడు గాయకుడు, అమెరికాలో చదువుకుని వచ్చి కంపెనీ పెట్టాడు. మొదట్లో నమ్ముకున్న గాయకుడు డ్రగ్స్ కేసులో అరెస్టవడంతో పెట్టిన డబ్బంతా పోయినంత పనైంది. ఆ దెబ్బతో ఆయన కళాకారుణ్ని వెతకడం మాని, చిన్నప్పటి నుంచే తయారు చేయడం మొదలుపెట్టాడు. 1995లో ఎస్‌ఎం ఎంటర్‌టైన్‌మెంట్, 1996 సెప్టెంబర్‌లో హెచ్‌ఓటీ. ఎలాంటి కుర్రాళ్లు కావాలో హైస్కూల్ పిల్లల్నే అడిగి తెలుసుకుని కట్టిన గ్రూప్ అది. పాట, డ్యాన్స్, నడక, మాట, అన్నిటికీ శిక్షణ. ఫోన్ల మీద, స్నేహాల మీద ఆంక్షలు. హెచ్‌ఓటీకి తెల్ల బెలూన్లు, పోటీ గ్రూప్ జెక్స్‌కీస్‌కి పసుపు బెలూన్లు. స్కూలు పిల్లలు రెండు సైన్యాలయ్యారు.

1999లో జరిగిన ఒక సంగతి దగ్గర ఆగాలి. హెచ్‌ఓటీ సభ్యుడు మూన్ హీ-జున్‌తో బేబీ వాక్స్ గాయని కాన్ మి-యన్ పేరు ముడిపడింది. అప్పుడామె ఇంకా హైస్కూల్ వయసు పిల్ల. ఆమెకు వచ్చిన ఉత్తరాల్లో బ్లేడులు ఉన్నాయి. రక్తంతో రాసినవి ఉన్నాయి. కళ్లు పొడిచేసిన ఆమె ఫోటోలు ఉన్నాయి. ఏళ్ల తర్వాత ఆమే టీవీలో ఈ విషయాలు చెప్పింది. పంపినవాళ్లూ దాదాపు ఆ వయసు అమ్మాయిలే. బ్లేడులు వచ్చింది మాత్రం మూన్ హీ-జున్ ఇంటికి కాదు, ఆమెకి. తర్వాతి పాతికేళ్లలో టెక్నాలజీ మారింది, గ్రూపులు మారాయి, దెబ్బ పడే చోటు మాత్రం పెద్దగా మారలేదు.

2009లో టీవీఎక్స్‌క్యూ గ్రూప్‌లోని ముగ్గురు 13 ఏళ్ల కాంట్రాక్టు అన్యాయమని కోర్టుకెక్కారు. అదే ఏడాది కొరియా ప్రభుత్వ సంస్థ ఫెయిర్ ట్రేడ్ కమిషన్ నమూనా కాంట్రాక్టు తెచ్చి, గడువును ఏడేళ్లకు కుదించింది. మంచి పనే. కానీ ఏజెన్సీ లెక్క దాంతో ఇంకా గట్టిపడింది. ఏళ్ల తరబడి పెట్టిన శిక్షణ ఖర్చు ఆ ఏడేళ్లలోనే రాబట్టాలి. అందుకే మొదటి మూడేళ్లు డేటింగ్ వద్దనే నియమం చాలా కంపెనీల్లో మామూలైపోయింది. ట్వైస్ గ్రూప్‌కి మూడేళ్లు అని ఆ సభ్యులే ఇంటర్వ్యూల్లో చెప్పారు. మూడేళ్ల గడువు దాటాక, 2019 ఆగస్టులో, ట్వైస్ లీడర్ జిహ్యో ప్రేమ వార్త బయటికొచ్చింది. అప్పుడూ గొడవ తప్పలేదు.

ఇక అమ్మేది ఏమిటన్నది చూడాలి. పాట ఫోన్‌లో దాదాపు ఉచితంగా దొరుకుతుంది. కాబట్టి అమ్మాల్సింది వేరేది. ఆల్బమ్ లోపల గ్రూప్‌లో ఒకరి చిన్న ఫోటో, అంటే ఫోటోకార్డ్, ఉంటుంది. ఎవరిది వస్తుందో తెలియదు. మనకు కావాల్సిన ముఖం దొరికేదాకా కొనాల్సిందే. 2010లో గర్ల్స్ జనరేషన్ ఆల్బమ్‌తో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు ప్రతి గ్రూప్‌దీ. ఐడల్ ఎదురుగా కూర్చుని సంతకం పెట్టించుకునే కార్యక్రమం, ఫ్యాన్ సైన్‌కి వెళ్లాలంటే లాటరీ తగలాలి. ఎన్ని ఆల్బమ్‌లు కొంటే అన్ని చీట్లు. తగిలినవాళ్లు బల్లకి ఇటు కూర్చుంటారు, ఐడల్ అటు. ఆల్బమ్ పేజీకి ముందే ఒక స్టిక్కీ నోట్ అంటించి ప్రశ్న రాసుకొస్తారు. ఐడల్ కళ్లలోకి చూస్తూ పేరడిగి, చెయ్యి పట్టుకుని, ఆ నోట్ మీద జవాబు రాస్తారు. నిమిషమో రెండు నిమిషాలో గడవగానే స్టాఫ్ పక్కకి జరగమంటారు. 2023లో పది కోట్లకు పైగా కొరియన్ ఆల్బమ్‌లు అమ్ముడయ్యాయి. పాటలు వినడానికే ఎవరూ అన్ని సీడీలు కొనరు.

2020లో వచ్చిన బబుల్ యాప్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. నెలకు ఒక్కో ఐడల్‌కి ఇంత అని కడితే (మొదట్లో 4,500 వన్‌లు, వన్ అంటే కొరియా కరెన్సీ) వాళ్ల మెసేజ్‌లు మన చాట్‌లోకి వస్తాయి. అందరికీ పంపేది ఒకటే మెసేజ్, కానీ అందులో ఎవరి పేరు వాళ్లకి కనబడుతుంది. 'తిన్నావా?' 'ఇప్పుడే ప్రాక్టీస్ అయింది.' ఆపకుండా కడుతూ పోతే రోజుల లెక్క పెరుగుతుంది, ఎక్కువ అక్షరాల్లో బదులిచ్చే వీలు కూడా దొరుకుతుంది. కొరియాలో ప్రేమికులు కలిసి వంద రోజులైతే పండగ చేసుకుంటారు. యాప్ లెక్కపెట్టేది కూడా రోజుల్నే. యాదృచ్ఛికమని నేననుకోను. రోజూ ఇలా రాయించి, చదివించి, డబ్బు తీసుకున్న కంపెనీ, తీరా ఐడల్‌కి నిజంగా ప్రేమ పుట్టినరోజు పక్కకి తప్పుకుంటుంది. ఉత్తరం మాత్రం ఆ పిల్లే రాసుకోవాలి.

మధ్యలో టీవీ కూడా తన వంతు చేసింది. 2008 నుంచి 2017 దాకా ఎంబీసీ చానల్ ఐడల్స్‌కీ నటులకీ ఉత్తుత్తి పెళ్లిళ్లు చేసి, ఉత్తుత్తి కాపురం చూపించింది. కెమెరా ముందు కాపురం చేస్తే చప్పట్లు, కెమెరా వెనక చెయ్యి పట్టుకుంటే శిక్ష. డిస్పాచ్ అయితే జనవరి 1న ఒక జంటని బయటపెట్టడం ఆనవాయితీగా చేసుకుంది. 2013లో రెయిన్, కిమ్ తే-హీ. 2014లో లీ సెంగ్-గి, యూనా. 2019లో కై, జెన్నీ. దూరం నుంచి లెన్సులు పెట్టి, కార్ల వెంటపడి తీసిన ఫోటోలవి.

శిక్షలు పెరుగుతూ పోయాయి. సూపర్ జూనియర్ సంగ్‌మిన్ 2014 డిసెంబర్‌లో పెళ్లి చేసుకుంటే, 2017లో అభిమానులు అతన్ని గ్రూప్ కార్యక్రమాల నుంచి తప్పించమని ప్రకటన ఇచ్చారు. 2018లో హ్యూనా, ఈడాన్ తమ ప్రేమ నిజమేనని తామే చెప్పారు. సెప్టెంబర్ 13న క్యూబ్ ఎంటర్‌టైన్‌మెంట్ నమ్మకం పోయిందంటూ ఇద్దర్నీ తొలగిస్తున్నట్టు ప్రకటించింది. అబద్ధం చెప్పనందుకు పోయిన ఉద్యోగం అది. 2020 జనవరిలో ఎక్సో సభ్యుడు చెన్, తను పెళ్లి చేసుకోబోతున్నానని, తండ్రిని కాబోతున్నానని ఉత్తరం రాస్తే, ఎస్‌ఎం వాళ్ల భవనం దగ్గర నిరసన జరిగింది. గ్రూప్ నుంచి పంపేయమని డిమాండ్.

2019ని మాత్రం ఇలా ఒక వాక్యంలో దాటలేం. గాయని సల్లీ తనకంటే 14 ఏళ్లు పెద్దవాడైన ర్యాపర్‌ని ప్రేమించింది, దాచలేదు. ఆ తర్వాత ఆమె ఏ ఫోటో పెట్టినా, ఏ బట్ట వేసుకున్నా కామెంట్లు వదల్లేదు. అక్టోబర్ 14న చనిపోయింది. ఆమె స్నేహితురాలు, గాయని గూ హారాని మాజీ ప్రియుడు వీడియో బయటపెడతానని బెదిరించాడు. కేసు పెట్టింది. బాధితురాలైనా జనం వెతికింది ఆ వీడియో కోసమే. నవంబర్ 24న ఆమె కూడా పోయింది. ఆ మాజీ ప్రియుడికి 2020లో అప్పీలు కోర్టు ఏడాది జైలు వేసింది. కొరియా వెబ్ పోర్టళ్లలో డౌమ్ 2019 అక్టోబర్ చివర్లో, నేవర్ 2020 మార్చిలో వినోద వార్తల కింద కామెంట్లు మూసేశాయి. వెంటపడి వేధించేవాళ్లని అంతకుముందు 80 వేల వన్‌ల జరిమానాతో వదిలేసేవారు. దాన్ని జైలు శిక్ష పడే నేరంగా మార్చిన చట్టం 2021 అక్టోబర్ 21న అమల్లోకి వచ్చింది.

డబ్బు కడుతున్నవాళ్ల బతుకులూ చూడాలి. 2011లో ఒక కొరియన్ దినపత్రిక రాసిన వరస కథనాలతో 'సాంపో' తరం అన్న మాట వాడుకలోకి వచ్చింది. ప్రేమ, పెళ్లి, పిల్లలు, మూడూ వదులుకున్న తరం. ఇంటి అడ్వాన్సులు అందవు, స్థిరమైన ఉద్యోగం దొరకదు, దొరికినా రాత్రిదాకా ఆఫీసే. 1996లో 4.3 లక్షల పెళ్లిళ్లయిన దేశంలో 2023లో అయినవి 1.94 లక్షలు. ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య ఆ ఏడాది 0.72కి పడిపోయింది, 2024లో 0.75. కొత్త అమ్మాయితోనో అబ్బాయితోనో ఒక సాయంత్రం కాఫీ, డిన్నర్, సినిమా అంటే వాళ్లకి ఖర్చుతో పాటు టెన్షన్ కూడా. తిరస్కరించని, విడిపోని, నెలకి కొన్ని వేల వన్‌లతో సరిపెట్టుకునే తోడు దొరికితే ఎందుకు కాదంటారు? ఆ ఒంటరితనాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. దాన్ని కనిపెట్టి బిల్లు వేసినవాళ్ల మీదే నా కోపం.

ఈమధ్య కొంత మార్పుంది. 2023లో బ్లాక్‌పింక్ జెన్నీ ప్రేమ గురించి అడిగితే వైజీ ఎంటర్‌టైన్‌మెంట్, అది ఆమె వ్యక్తిగత విషయం, తాము నిర్ధారించలేమని ఊరుకుంది. క్షమాపణ లేదు, ఉత్తరం లేదు. కరీనా ఉత్తరం వచ్చినప్పుడు కూడా ఇందులో క్షమాపణ ఎందుకని కొరియాలోనే చాలామంది అభిమానులు అడిగారు. అయితే జెన్నీకి అప్పటికే ప్రపంచమంతా మార్కెట్ ఉంది, అభిమానుల్లో ఒక వర్గం అలిగినా కంపెనీ తట్టుకోగలదు. మొదటి ఆల్బమ్ అమ్మకాల మీదే భవిష్యత్తు ఆధారపడ్డ చిన్న ఏజెన్సీ పిల్లకి అలాంటి జవాబు చెప్పేవాళ్లు ఇప్పటికీ లేరు. 'అది మా అమ్మాయి సొంత విషయం' అని ప్రతి ఏజెన్సీ, ప్రతి ఐడల్ తరఫున, తన లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. చేత్తో ఉత్తరం రాయాల్సిన పని ఆ అమ్మాయికి ఉండకూడదు.