‘అందరూ’ అంటే ఒక్కరైనా ఉన్నట్టేనా?

ఆర్టీసీ బస్సులో నలభై మంది ఉన్నారు. అందరి దగ్గరా టికెట్ ఉంది. ఇప్పుడు ఈ వాదన చూడండి.

ఈ బస్సులో టికెట్ లేనివాళ్ళందరూ జరిమానా కట్టాల్సినవాళ్ళు.
ఈ బస్సులో టికెట్ లేనివాళ్ళందరూ ఈ బస్సు ప్రయాణికులు.
కాబట్టి ఈ బస్సు ప్రయాణికుల్లో కొందరు జరిమానా కట్టాల్సినవాళ్ళు.

మొదటిది నిబంధన. రెండోది చెప్పకనే తెలిసే విషయం. మూడోది మాత్రం అబద్ధం: చెకింగ్‌కు ఎక్కినాయన నలభై టికెట్లూ చూసి, ఎవరి దగ్గరా పైసా వసూలు చేయకుండానే దిగిపోతాడు. నిజమైన ప్రకటనల నుంచి అబద్ధం పుట్టిందంటే వాదన రూపంలోనే లోపం ఉండాలి. కానీ మధ్యయుగపు యూరప్ తార్కికులు ఈ రూపానికి ‘దరాప్తి’ అని పేరు పెట్టి, చెల్లే సిలాజిజంల (రెండు ప్రకటనల నుంచి ఒక నిర్ధారణ తీసే వాదనల) పట్టికలో చేర్చారు.

వాళ్ళు పొరబడ్డారని నేననను. అరిస్టాటిల్ నుంచి వచ్చిన ఆ సంప్రదాయంలో ‘క లన్నీ గ లే’ అంటే, క అనేది కనీసం ఒకటైనా ఉందని కూడా చెప్పినట్టే. వాక్యం లోపల దాగిన ఈ ఉనికి హామీయే అసలు చిక్కు. గణితజ్ఞుడు జార్జ్ బూల్ పేరుతో చలామణీ అయ్యే ఆధునిక పద్ధతి ఆ హామీని తీసేసింది. అక్కడ అదే వాక్యానికి అర్థం ‘గ కాని క ఒక్కటీ లేదు’ అని మాత్రమే. ‘కొన్ని’ అన్నప్పుడే కనీసం ఒకటి ఉన్నట్టు. అందుకే కుందేటి కొమ్ములన్నీ పదునైనవే అన్నా, కుందేటి కొమ్ముల్లో ఒక్కటీ పదునైనది కాదన్నా ఆధునిక లెక్కలో రెండూ నిజమే!

సిలాజిజం రూపాలు మొత్తం 256. హామీ ఉంటే 24 చెల్లుతాయి, లేకపోతే 15. పడిపోయే ఆ తొమ్మిదింటికీ పోలిక ఒకటే: రెండు ప్రకటనలూ ‘అన్నీ’ లేదా ‘ఏదీ కాదు’ రకం, నిర్ధారణ మాత్రం ‘కొన్ని’ రకం. ఈ కలయిక కనబడగానే ఆగాలి.

ఆగి వెన్ చిత్రం గీయండి. ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా మూడు వృత్తాలు: ప్రయాణికులు, జరిమానా కట్టాల్సినవాళ్ళు, టికెట్ లేనివాళ్ళు. గీతలు కొట్టిన గది ఖాళీ అని అర్థం. నిండిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మొదటి ప్రకటనకు, టికెట్ లేనివాళ్ళ వృత్తంలో జరిమానా వృత్తానికి బయట పడిన భాగం కొట్టేయాలి. రెండోదానికి, ప్రయాణికుల వృత్తానికి బయట పడిన భాగం. టికెట్ లేనివాళ్ళ వృత్తంలో ఇక మిగిలింది మూడూ కలిసే నడిమి గది ఒక్కటే. అందులో ఎవరైనా ఉన్నట్టు గుర్తు పడిందా? లేదు. నిర్ధారణకు కావలసింది ఆ గుర్తే. కాబట్టి చెల్లదు. టికెట్ లేనివాడు కనీసం ఒకడున్నాడని విడిగా హామీ ఇస్తే, గుర్తు పెట్టడానికి ఆ గది తప్ప వేరే చోటు లేదు; అప్పుడు చెల్లుతుంది.

‘కొన్ని’ ప్రకటన ఉన్న లెక్కల్లో వరస తప్పకూడదు. గీతలు ముందు, గుర్తు తర్వాత. తిరగేస్తే, కాసేపట్లో కొట్టేయబోయే గదిలోనే గుర్తు పెట్టేసే ప్రమాదం ఉంది. గీతలు అయ్యాక కూడా గుర్తుకు రెండు గదులు మిగిలితే, వాటిని వేరుచేసే వృత్తపు అంచు మీదే పెట్టాలి.

పోటీ పరీక్షల కోచింగ్‌లో పెద్ద సున్నాలో చిన్న సున్నా గీస్తారు. 18వ శతాబ్దంలో గణితజ్ఞుడు ఆయిలర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. వేగంగా పనిచేస్తుంది, కానీ చిన్న సున్నా గీయగానే అందులో ఏదో ఉందని మనకు తెలియకుండానే ఒప్పేసుకుంటాం. ఖాళీ వర్గాన్ని అది చూపలేదు. 1880లో జాన్ వెన్ ప్రచురించిన చిత్రాల బలం అక్కడే. బ్యాంకు పరీక్షల్లో ‘పెన్నులన్నీ పుస్తకాలు’ అంటే ‘కొన్ని పుస్తకాలు పెన్నులు’ వస్తుందనే లెక్క, అంటే హామీ ఉన్నట్టే. తర్కశాస్త్రం పాఠ్యపుస్తకం ఆధునికమైతే అదే జవాబు తప్పు. ఏ ఒప్పందంతో ప్రశ్న అడిగారో ముందే చూసుకోవాలి.

కంప్యూటర్‌ది ఆధునిక పక్షం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఖాళీ జాబితా మీద ‘ఆల్’ (అన్నీ నిజమేనా) అడిగితే ‘ట్రూ’ అంటుంది, ‘ఎనీ’ (ఒక్కటైనా నిజమా) అడిగితే ‘ఫాల్స్’ అంటుంది. ఫైలు సరిగా లోడ్ కాక ఒక్క బిల్లూ రాకపోయినా, ‘బిల్లులన్నీ ఆమోదం పొందాయా’ అన్న ప్రశ్నకు ప్రోగ్రామ్ అవుననే చెబుతుంది. జాబితా ఖాళీగా లేదని చూసే షరతు విడిగా రాయాల్సిందే.

మన న్యాయదర్శనం, అంటే ప్రాచీన భారతీయ తర్కశాస్త్రం, ఈ చిక్కును ఇంకో వైపు నుంచి పట్టుకుంది. అది రూపాన్ని మాత్రమే చూడదు, చెప్పిన విషయం నిజంగా ఉందా అని కూడా అడుగుతుంది. 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో ఒక అనుమానాన్ని (హేతువు చూపి నిర్ధారణ చేసే వాదనను) చూపిస్తాడు: ఆకాశంలోని తామరకు సువాసన ఉంది, తామర కాబట్టి, కొలనులోని తామరలాగా. తామరకు సువాసన ఉండటంలో ఆయనకు పేచీ లేదు. ‘తామర కాబట్టి’ అన్న ఆ హేతువు నిలవాల్సిన ఆశ్రయం, అంటే ఆధారం, ఆకాశ తామర. దాన్ని గురించి ఆయన అన్నది రెండు ముక్కలే: ‘స చ నాస్త్యేవ’, అది లేనే లేదు.