పాత పార్టీ ఆర్పీజీలు ఇంత సతాయిస్తాయెందుకు? కొంచెం వెనక్కి పోయి చూస్తే

మొన్న సెలవులకి మా పిన్ని కొడుకు చిత్తూరు నుంచి తిరుపతి వచ్చి నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. వాడు బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆర్పీజీ (ఒక గుంపుని నడిపించుకుంటా, పాత్రల్ని పెంచుకుంటా కథలో ముందుకు పోయే ఆట) రెండుసార్లు ఫినిష్ చేసినాడంట, ఆ ఊపులో 'అన్నా, మొదటిది కూడా ఆడేస్తా' అని నా ల్యాప్‌టాప్‌లో పాతది పెట్టుకున్నాడు. గంట తిరక్కుండానే లేచొచ్చి 'ఏందిన్నా ఇది, సత్రం మెట్ల మీద ఒకడు నిలబడి ఉంటే పలకరిద్దామని పోయినా, రెండు మంత్రాలకే చంపేసినాడు, తిరిగి కొట్టేదానికి కూడా కుదర్లే' అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ సత్రం ఫ్రెండ్లీ ఆర్మ్ ఇన్, ఆ మెట్ల మీదోడి పేరు టార్నెష్, 1998 డిసెంబర్‌లో ఆట వచ్చినప్పటి నుంచి వాడి చేతిలో చావకుండా ముందుకు పోయినోళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

'పాత ఆట కదా, బగ్గు అయ్యుంటాది' అని వాడు తేల్చేసినాడు. బగ్గు కాదు. పై నుంచి ఏటవాలుగా కనిపించే మ్యాపు, ఆరుగురి గుంపు, ఈ రకం ఆటల్లో మనకి విసుగు తెప్పించేవాటికి శానావరకు ఒకటే మూలం ఉంది, అది కంప్యూటర్ల కంటే ముందుది.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి) తెచ్చినారు. టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలేసి ఆడేది. అందులో ఒకడు డన్జన్ మాస్టర్, కథ చెప్పేది వాడే, రాక్షసుల్ని నడిపేది వాడే, తగువొస్తే తీర్పు చెప్పేదీ వాడే. రూల్స్ కఠినంగా ఉంటాయి, ఫస్ట్ లెవెల్ మంత్రగాడికి ప్రాణం శానా తక్కువ, రోజుకి ఒక్క మంత్రం. అయినా ఆట నడిచిందంటే ఆ మనిషి ఎదురుగా ఉన్నాడు కాబట్టే. కుర్రోడు కొత్తోడు, పాపం అనిపిస్తే శత్రువు గురి తప్పిందని చెప్పేస్తాడు, బాణాల లెక్క బోరు కొడితే వదిలేస్తాడు. కంప్యూటర్‌లోకి వచ్చేసరికి రూల్స్ అన్నీ వచ్చినాయి, ఈ మనిషి మాత్రం రాలేదు. టార్నెష్‌కి జాలి అనేది ప్రోగ్రాం చెయ్యలేదు, అంతే.

గుంపు లెక్క కూడా అక్కడిదే. టేబుల్ మీద ఆరుగురుంటే ఒక్కొక్కడికీ ఒక బొమ్మ, వాడి సంచీ వాడు సర్దుకుంటాడు. 1981లో విజార్డ్రీ అనే కంప్యూటర్ ఆట వచ్చి ఆరుగుర్నీ ఒక్కడి చేతిలో పెట్టింది. 1988లో ఎస్‌ఎస్‌ఐ వాళ్ళు పూల్ ఆఫ్ రేడియన్స్ తెచ్చినారు, ఇది అసలు లైసెన్స్‌తో వచ్చిన డి అండ్ డి, యుద్ధం వరసగా ఒకరి తర్వాత ఒకరు కొట్టుకునేదే. డిస్కులో చోటు చాలక కథలో కొన్ని ముక్కలు కాగితం పుస్తకంలో అచ్చేసి ఇచ్చినారు, ఆట మధ్యలో ఫలానా నంబర్ చూడు అంటాది, మనం పేజీ తిప్పి చదవాల. నిదానం ఆటే, కానీ ఆలోచించుకునే టైం ఇస్తాది.

ఇక అసలు మలుపు. కెనడాలో ఎడ్మంటన్‌లో 1995లో బయోవేర్ పెట్టినోళ్ళు డాక్టర్లు, రే ముజీకా, గ్రెగ్ జెష్చుక్, ఆగస్టీన్ యిప్. వాళ్ళు బ్యాటిల్‌గ్రౌండ్ ఇన్ఫినిటీ అని ఒక డెమో చేసి, ఆటల్ని మార్కెట్‌లోకి తెచ్చే ఇంటర్‌ప్లే కంపెనీకి చూపించినారు, అది డి అండ్ డి ఆట కాదు, ఇంటర్‌ప్లే దగ్గర ఆ లైసెన్స్ ఉంది కాబట్టి దీన్ని దానికి వాడదాం అనుకున్నారు, బాల్డర్స్ గేట్ పుట్టింది, డెమో పేరులోని 'ఇన్ఫినిటీ' మాత్రం ఇంజన్‌కి, అంటే ఆటని నడిపే ప్రోగ్రాంకి, మిగిలింది. ఆ రోజుల్లో మార్కెట్ అంతా డయాబ్లో, వార్‌క్రాఫ్ట్, కమాండ్ అండ్ కాంకర్‌దే, అన్నీ ఆగకుండా పరిగెత్తేవి. దాంతో ఈ ఆట కూడా రియల్ టైం అయింది, కాకపోతే స్పేస్ బార్ నొక్కితే ఆగుతాది. 1992లో డార్క్‌లాండ్స్ అనే ఆట ఇట్లాంటిదే చేసింది కానీ జనంలోకి పోయింది మాత్రం దీంతోనే. తమాషా ఏందంటే అదే ఇంటర్‌ప్లే ముందు ఏడాది 1997లో ఫాలౌట్ తెచ్చింది, అది వరస ప్రకారం ఆడేదే, ఎవరూ విసుక్కోలేదు.

టేబుల్ మీద అప్పటి రూల్స్‌లో ఒక రౌండ్ అంటే కథలో ఒక నిమిషం. బాల్డర్స్ గేట్ దాన్ని 6 సెకన్లు చేసింది, ఆ 6 సెకన్లలోనే ఆరుగురూ, ఎదురుగా పది మందీ ఒకేసారి కొట్టుకుంటారు, మంత్రం సగంలో ఉండగా ఎవడో బాణం వేస్తే మంత్రం పోతాది, ఎందుకు పోయిందో అర్థమయ్యేలోపు ఏం జరిగిందో చెప్పే నాలుగు లైన్లు స్క్రీన్ మూలన పైకి జరిగిపోయి ఉంటాయి. దీనికి మందుగా ఆటో పాజ్ పెట్టినారు, శత్రువు కనిపిస్తే ఆగు, దెబ్బ తగిలితే ఆగు అని. అన్నీ ఆన్ చేసుకుంటే అది టర్న్ బేస్డే, అంటే వరసగా ఒకరి తర్వాత ఒకరు ఆడేదే, అయిపోతాది, వంకర టర్న్ బేస్డ్. నా మటుకు నాకు ఇది రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన డిజైన్, ఇరవై ఏళ్ళు ఇష్టంగా ఆడినోడినే అంటా ఉండా.

రియల్ టైం వల్ల వచ్చిన ఇంకో పీడ దారి వెతుక్కోవడం. ఆరుగురు కలిసి అలిపిరి మెట్లెక్కుతా ఉంటే ముందోడు ఆగినాడని వెనకోడు శ్రీవారి మెట్టు దారికి పోయి ఎక్కుదాం అని వెనక్కి దిగిపోతే ఎట్లుంటాదో అచ్చం అట్ల. కారణం సింపులే. మనకి కనిపించే మ్యాపు ఒక పెద్ద బొమ్మ, దాని కింద ఎక్కడ నడవొచ్చు ఎక్కడ కూడదు అని గడులు గీసి ఉంటాయి, ఆ గడిలో తోటోడు నిలబడి ఉన్నా ఇంజన్‌కి అది గోడే, పక్కకి జరగమని అడిగేది లేదు. అప్పటి ప్రాసెసర్లు ఆరుగురికీ ప్రతిక్షణం దారి లెక్కేయలేవు కాబట్టి వెతుకులాటకి ఒక హద్దు పెట్టినారు, సెట్టింగ్స్‌లో ఆ నంబర్ పెంచితే కొంచెం తెలివి వస్తాది. ఫైర్‌వైన్ శిథిలాల్లో ఇరుకు సందులు, ట్రాపులు, కోబోల్డులనే చిన్న రాక్షసుల బాణాలు, ఆడ ఆరుగుర్నీ నడిపించినోడికే తెలుస్తాది ఆ బాధ. అంతా చేసి గుమ్మం దగ్గరికి పోతే, ముందు నీ గుంపునంతా ఒకచోటికి చేర్చుకో అని ఒక గొంతు చెప్తాది.

థాకో సంగతి చెప్పకపోతే ఎట్ల. ఎదుటోడి కవచం నంబర్ 0 అయితే దెబ్బ తగిలేదానికి పాచిక మీద ఎంత పడాలో చెప్పే నంబర్ అది, అందులోంచి ఎదుటోడి కవచం నంబర్ తీసేయాల. కవచం నంబర్ ఎంత తగ్గితే అంత గట్టిది. 10 అంటే ఒంటి మీద ఏమీ లేనట్టు, నిండా ఇనప కవచం వేస్తే 1, ఇంకా దిగితే మైనస్. ఎంసెట్ ర్యాంకులతో పెరిగినోళ్ళం కాబట్టి తక్కువ నంబర్ మేలు అంటే మనకి కొత్తేం కాదు, కానీ ర్యాంకు మైనస్‌లోకి పోదు కదా, పైగా ఇందులో ప్లస్ 1 కవచం తొడిగితే నంబర్ ఒకటి తగ్గుతాది. నీ థాకో 20, ఎదుటోడి కవచం 5 అయితే 20 ముఖాల పాచిక మీద 15 పడాల. ఎదుటోడిది మైనస్ 2 అయితే 22 కావాల, పాచిక మీద 22 లేదు, 20 పడితేనే తగుల్తాది. ఈ లెక్కని డి అండ్ డి వాళ్ళే 2000 ఆగస్టులో మూడో ఎడిషన్ తెచ్చి తీసిపారేసినారు, బాల్డర్స్ గేట్ 2 వచ్చింది సరిగ్గా తర్వాత నెల, సెప్టెంబర్‌లో, పాత లెక్కతోనే.

మంత్రం ఒకసారి వేస్తే మర్చిపోయి మళ్ళీ పడుకుని గుర్తు చేసుకోవడం అనేది జాక్ వాన్స్ 1950లో రాసిన కథల్లోంచి గైగాక్స్ తీసుకున్నది. టేబుల్ మీద గుహలో పడుకుంటానంటే మాస్టర్ ఊరుకోడు. కంప్యూటర్‌లో ఒక బటన్, ఎనిమిది గంటలు నిద్ర, మధ్యలో దొంగలు పడితే సేవ్ లోడ్ చేసి మళ్ళీ పడుకోవడం. ఒక్కొక్కడికీ 16 గడుల సంచి, గడికి 20 బాణాలు, ఆరుగురి సంచులూ సర్దేది నువ్వొక్కడివే.

మా తరానికి ఈడ ఇంకో కష్టం ఉన్నింది. 2003 టైంలో మద్రాసు నుంచి ఎవరో తెచ్చిన బర్న్ చేసిన సీడీలు ఒక షాపులో కొనుక్కున్నా, ఐదు సీడీల ఆట, నాలుగోది గీతలు పడి ఉన్నింది, హార్డ్ డిస్క్‌లో చోటు లేక ఫుల్ ఇన్‌స్టాల్ చెయ్యలే, ఆ సీడీ అడిగిన ప్రతిచోటా ఆట ఆగిపోయేది, మార్చి ఇవ్వమంటే షాపతను నవ్వినాడు. దానికంటే పెద్ద నష్టం, అసలు పెట్టెలో వచ్చే లావు మాన్యువల్ మా చేతికి రాలేదు. రూల్స్ అన్నీ అందులోనే ఉన్నాయి. టేబుల్ ఆట మా వీధిలో ఎవరూ చూసినోళ్ళు కాదు, పుస్తకమూ లేదు, చెప్పే మనిషీ లేడు, థాకో అంటే ఏదో కత్తి పేరనుకుని ఆరు నెలలు ఆడినా.

తర్వాత కథ తొందరగా చెప్పేస్తా. 2003 డిసెంబర్‌లో ఇంటర్‌ప్లే తన బ్లాక్ ఐల్ స్టూడియోని మూసేసింది, అదే ఏడాది ట్రోయికా అనే కంపెనీ టెంపుల్ ఆఫ్ ఎలిమెంటల్ ఈవిల్ ఆటని టర్న్ బేస్డ్‌గా తెచ్చింది, పెద్ద కంపెనీలు త్రీడీకి, కన్సోళ్ళకి పోయినాయి. 2012లో జనం ముందే డబ్బిచ్చే కిక్‌స్టార్టర్ సైట్‌లో అబ్సిడియన్ కంపెనీ వాళ్ళు అడిగితే అభిమానులు దాదాపు 40 లక్షల డాలర్లు ఇచ్చినారు, 2015లో పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ వచ్చింది. జనం డబ్బిచ్చింది పాత జ్ఞాపకానికి, అందుకని రియల్ టైం పాజూ అట్లే వచ్చింది. దాని రెండో భాగానికి 2019లో టర్న్ బేస్డ్ మోడ్ కలపాల్సొచ్చింది, పాత్‌ఫైండర్ ఆటలూ అదే దారి పట్టినాయి. 2023లో లారియన్ కంపెనీ చేసిన మూడో బాల్డర్స్ గేట్ పూర్తిగా వరస ప్రకారమే, గుంపు నలుగురికి తగ్గింది. పాతోళ్ళు కొందరు ఇది బాల్డర్స్ గేటే కాదన్నారు. నేనైతే పట్టించుకోలే.

మా తమ్ముడికి ఇదంతా చెప్పి, ఆటో పాజ్ ఆన్ చేసుకో, సత్రానికి ఒంటరిగా పోవద్దు, దారిలో దొరికే ముగ్గుర్నీ వెంటబెట్టుకుని అందరికీ విల్లు గానీ వడిసెల గానీ ఇవ్వు అన్నా. వాడు చిత్తూరు పోయినాక రాత్రి పదకొండుకి మెసేజ్ పెట్టినాడు: 'టార్నెష్ అయిపోయినాడన్నా. మంత్రగాడు మాత్రం గేటు దగ్గరే ఇరుక్కుని ఉండాడు, ఎట్ల తీసుకురావాల?'