కంపెనీ కానుకలు: మా వైద్యుల్లోనే ఎక్కువగా ఉన్న అపోహలు

మందుల కంపెనీల కానుకల విషయంలో రోగులకన్నా మా వైద్యులకే అపోహలు ఎక్కువ. జనరల్ ఫిజీషియన్‌గా తోటివారి నోట తరచూ వినే మాటలనే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: ఒక పూట భోజనానికి నా ప్రిస్క్రిప్షన్ మారదు.

వాస్తవం: మారినట్టు మనకు తెలియదు, అంతే. అమెరికాలో సుమారు 2.8 లక్షల మంది వైద్యుల లెక్కలు పరిశీలించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. సగటున 20 డాలర్ల లోపు ఖరీదు చేసే భోజనం ఒక్కసారి తిన్నవారు కూడా ఆ కంపెనీ బ్రాండును మిగిలినవారికన్నా ఎక్కువగా రాశారు. భోజనాలు పెరిగిన కొద్దీ ఆ రాతలూ పెరిగాయి. భోజనమే కారణమని అది నిరూపించలేదు, నిజమే. కానీ పైసా పైసా లెక్క చూసుకునే కంపెనీలు ఊరికే అన్నం పెడతాయా?

నాకు ఇంతకన్నా నచ్చిన అంకెలు 2001 నాటివి. అమెరికాలోనే రెసిడెంట్ వైద్యులను (శిక్షణలో ఉన్నవారిని) అడిగితే, కంపెనీల ప్రభావం తమ మీద లేదన్నవారు 61 శాతం. తోటి వైద్యుల మీద కూడా లేదన్నవారు 16 శాతమే!

అపోహ: వెయ్యి రూపాయల లోపు కానుకకు అనుమతి ఉంది.

వాస్తవం: లేదు. 2002 నాటి వైద్య నైతిక నియమావళిలో 2009 డిసెంబరులో చేర్చిన 6.8 నిబంధన ఏ కానుకా తీసుకోవద్దంటుంది. 2023 ఆగస్టులో వచ్చిన కొత్త నియమావళిని అదే నెలలో నిలిపివేశారు కాబట్టి పాతదే అమల్లో ఉంది. వెయ్యి అన్న అంకె 2016లో చేర్చిన శిక్షల పట్టికలోది: వెయ్యి దాటి 5 వేల వరకు మందలింపు, లక్ష దాటితే ఏడాదికి పైగా వైద్యుల రిజిస్టరు నుంచి పేరు తొలగింపు. క్యాలెండర్లు, డైరీల వంటివి వెయ్యి లోపు ఇవ్వవచ్చని 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన మందుల మార్కెటింగ్ కోడ్ చెప్పింది కంపెనీలకు. ఆ వెసులుబాటును మన ఖాతాలో వేసుకోవడం కుదరదు.

అపోహ: కానుక వల్ల రోగికి నష్టమేమీ లేదు.

వాస్తవం: ఆ ఖర్చు సాధారణంగా మందు ధరలోనే కలుస్తుందని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే చెప్పింది. చట్టం వద్దన్న కానుకల ఖర్చుకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇవ్వడం కుదరదని అపెక్స్ లేబరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో తేల్చింది.

అపోహ: కంపెనీలు ఉచితంగా ఇచ్చే శాంపిల్స్ పేదలకు మేలు.

వాస్తవం: మూడు రోజుల జ్వరానికైతే మేలే. బీపీ, షుగర్ మందులు ఏళ్ల తరబడి వాడాలి. శాంపిల్‌గా వచ్చేది ఎక్కువగా కొత్త, ఖరీదైన బ్రాండు. అది అయిపోయాక కొనుక్కోవలసింది రోగే. అదే రోగికి షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా దొరుకుతాయి.

అపోహ: రోగిని పంపినందుకు ల్యాబ్ ఇచ్చే కమిషన్ వేరే సంగతి.

వాస్తవం: వేరేది నిబంధన మాత్రమే. దాన్ని అదే నియమావళిలోని 6.4 నిబంధన నిషేధిస్తుంది.

అపోహ: జనరిక్ ఉందా అని రోగి అడిగితే డాక్టరుకు అవమానం.

వాస్తవం: మందు జనరిక్ పేరును (బ్రాండు పేరు కాకుండా అసలు మందు పేరును) చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని నియమావళే చెబుతోంది. మొహమాటపడకుండా అడగండి.