లైట్‌హౌస్ ఎక్కేటప్పుడు, దిగాక

పాత లైట్‌హౌస్ చూడ్డానికి వెళ్తే పైన దీపపు గదిలో కాసేపు నిలబడండి. అక్కడి గాజు కటకం కంటే అందమైన వస్తువును 19వ శతాబ్దపు విజ్ఞానం తయారు చేయలేదని నా నమ్మకం.

దీపం వెలుగును అన్ని వైపులకూ చల్లుతుంది. ఆకాశంలోకి, నేల మీదకి పోయిన వెలుగు నావికుడికి దండగే. దాన్ని కూడగట్టి సముద్రం మీదకు పంపాలంటే పెద్ద కటకం కావాలి. అంత కటకాన్ని ఒకే గాజు దిమ్మెతో చేస్తే విపరీతమైన బరువు, పైగా మందపాటి గాజు కొంత వెలుగును మింగేస్తుంది. కాంతి వంగేది గాజు ఉపరితలం దగ్గరే కదా, మధ్యలో ఆ మందమంతా ఎందుకు? ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆగస్టిన్ ఫ్రెనెల్ మందాన్ని తీసేసి, వంపులను మాత్రం వలయాలుగా పేర్చాడు. 1823లో ఫ్రాన్స్‌లోని గిరోండ్ నదీముఖం దగ్గరున్న కోర్డువాన్ లైట్‌హౌస్‌లో అది మొదటిసారి వెలిగింది. నాలుగేళ్లకే, 39 ఏళ్ల వయసులో, క్షయ ఆయన్ని తీసుకుపోయింది.

వెలుగు ఎంత గట్టిదైనా భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎత్తు తప్పదు. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం కట్టి సుమారు 3.6తో గుణిస్తే, క్షితిజం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. 36 మీటర్లకు దాదాపు 21 కిలోమీటర్లు. అది రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. అందుకే వీలైన చోట కొండకొమ్ము మీద కట్టేవారు. ప్రమాదం నీళ్ల మధ్యలోనే ఉంటే రాతి మీదే కట్టక తప్పదు. ఇంగ్లండ్ తీరంలోని ఎడ్డీస్టోన్ రాళ్ల మీద ఇంజనీరు జాన్ స్మీటన్ గ్రానైట్ దిమ్మెలను ఒకదానిలో ఒకటి బిగించి 1759లో పూర్తి చేసిన గోపురం చెక్కుచెదరలేదు. కానీ దాని కింది రాతిని అలలు తొలిచేశాయి! 1882లో పక్క రాతి మీద కొత్తది వెలిగించాల్సి వచ్చింది.

దిగాక, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయమైతే ఒడ్డు రాళ్లను చూడండి. చాలా చోట్ల జీవులు పట్టీలు పట్టీలుగా కనిపిస్తాయి. తుంపర మాత్రమే తగిలే పైభాగంలో రాతి మీద పొరలా పెరిగే లైకెన్లు, మధ్యలో రాతికి అతుక్కున్న, గట్టి పెంకున్న చిన్న జీవులు బార్నకిల్స్, ఇంకా కిందికి ఆల్చిప్పలు, సముద్రపు నాచు. ఒక జీవి ఎంత పైదాకా బతకగలదో ఎక్కువగా ఎండ తేలుస్తుంది. ఎంత కిందిదాకా అన్నది వేటాడేవీ, చోటు కోసం పోటీపడేవీ తేలుస్తాయి.

నావికులను కాపాడిన ఈ వెలుగే వలస పక్షులకు ప్రాణాంతకమైంది. మబ్బు కమ్మిన రాత్రుల్లో అవి దారి తప్పి, దీపం చుట్టూ తిరిగి తిరిగి గోపురానికి కొట్టుకుని చనిపోతాయి. ఇది మనం తగ్గించగల నష్టమే. కెనడాలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న లాంగ్ పాయింట్ లైట్‌హౌస్‌లో 1989లో దీపం మార్చి, కిరణాన్ని సన్నగా, తక్కువ తీవ్రతతో ఉండేలా చేశారు. ఆ తర్వాత అక్కడ పక్షుల చావులు బాగా తగ్గిపోయాయి.