ఎలుక బెదిరితే లెక్క తప్పుతుంది

ఒడిశాలోని బరంపురంలో బోదకాలు మాత్రల సంగతి తెలియని తెలుగు ఇల్లు ఉండదు. గంజాం జిల్లాను ఆ జబ్బు ఎన్నో ఏళ్లుగా పీడిస్తోంది. పంచే మాత్రల్లో ఒకటి డీఈసీ. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కనిపెట్టిన బృందానికి పెద్ద, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1947లో వెలువడిన ఆ పరిశోధనలో మందును కాటన్ ర్యాట్ అనే ఎలుకల మీద పరీక్షించారు. మనిషికి బోదకాలు తెచ్చే పురుగుకు దూరపు చుట్టం లాంటి పురుగు ఆ ఎలుకల ఒంట్లో బతుకుతుంది. సుబ్బారావుగారి గురించి గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఆ ఎలుకలకు మనం పడ్డ బాకీ గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

ఆ బాకీని చట్టం కొంతవరకు గుర్తించింది. నాట్యకారిణి రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితంగా 1960లో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. ప్రయోగం చేయొచ్చు, కానీ దయతో, నొప్పి తెలియకుండా మత్తు ఇచ్చి చేయాలంటుంది ఆ చట్టం. చిన్న జంతువుతో పని జరిగేచోట పెద్దదాన్ని వాడొద్దంటుంది. 1998 నియమాల ప్రకారం జంతువులపై ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలోనూ వాటి మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ ఉండాలి, దాని అనుమతి లేకుండా ప్రయోగం మొదలుపెట్టకూడదు.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జిల్లాల ఫార్మసీ కాలేజీల్లో ఎక్కువగా చేసేది మూలికల పరీక్ష. కోరాపుట్ కొండల్లో దొరికే ఏదో ఆకు షుగర్ తగ్గిస్తుందంటారు. ఎలుకకు మందు ఇచ్చి షుగర్ జబ్బు తెప్పిస్తారు, ఆకు సారం తాగిస్తారు, రక్తం తీసి చూస్తారు. మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే ఫార్మకాలజీ పాఠాలు చెప్పేదాన్నిగా నా పట్టుదలంతా ఇక్కడే. షుగర్ వచ్చిన ఎలుక మామూలు ఎలుక కంటే ఎన్నో రెట్లు నీళ్లు తాగుతుంది, మూత్రం పోస్తుంది. పొద్దున బోనులో పరిచిన పొడి ఊక చూస్తుండగానే ముద్దవుతుంది. వారానికి రెండుసార్లు ఊక మార్చే పద్ధతి దానికి చాలదు. తడిలో పడుకున్న ఎలుక పాదాలు ఒరుసుకుపోతాయి, అమ్మోనియా వాసనకు ఊపిరితిత్తులు పాడవుతాయి. పైగా సరిగ్గా పట్టుకోవడం రాని విద్యార్థి చేతిలో అది బెదిరిపోతే ఒత్తిడి హార్మోన్లు ఎగసి రక్తంలో షుగర్ పెరుగుతుంది. అప్పుడు మీటర్ మీద కనిపించేది ఆకు గుణమా, ఎలుక భయమా? చెప్పలేం. చుంచెలుకల్ని తోక పట్టి ఎత్తితే టెన్షన్ పడతాయని, గొట్టంలోకి రానిచ్చో దోసిట్లో పెట్టుకునో ఎత్తితే నెమ్మదిగా ఉంటాయని 2010లో లివర్‌పూల్ పరిశోధకులు చూపించారు. కళ్లు ముడుచుకోవడం, చెవులు వెనక్కి పోవడం, బుగ్గలు ఉబ్బడం చూసి నొప్పిని కొలిచే పద్ధతి కూడా అదే ఏడాది వచ్చింది. దీనికి యంత్రాలేమీ అక్కర్లేదు, ఓపిగ్గా చూసే కళ్లు చాలు.

ఎలుకల సంఖ్య దగ్గర కూడా మొహమాటం పనికిరాదు. పోల్చి చూడటానికి ఎలుకల్ని గ్రూపులుగా విడగొడతారు, గ్రూపుకి ఆరు ఎలుకలు అన్నది చాలాచోట్ల ఆనవాయితీ. ఎందుకని అడిగితే సీనియర్ల థీసిస్‌లో అలాగే ఉందంటారు. ఒక సులువైన లెక్క ఉంది. మొత్తం ఎలుకల్లోంచి గ్రూపుల సంఖ్య తీసేస్తే వచ్చేది 10కి, 20కి మధ్య ఉండాలి. ఐదు గ్రూపులు, ఒక్కోదానికి ఆరు చొప్పున 30 ఎలుకలైతే జవాబు 25 వస్తుంది, అంటే ఎక్కువైనట్టే. ఒక్కోదానికి ఐదైతే సరిగ్గా 20. ఐదు ప్రాణాలు మిగిలాయి. మరీ తగ్గించినా తప్పే. ఏమీ తేలని ప్రయోగంలో వాడిన ఎలుకలన్నీ వృథా.

ఇక వాతావరణం. గది ఉష్ణోగ్రత 18 నుంచి 29 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 30 నుంచి 70 శాతం మధ్య ఉండాలన్నది నియమం. మే నెల బరంపురం ఉక్కలో ఏసీ లేకుండా అది అయ్యే పని కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. మళ్లీ అలాంటిది వస్తే జనరేటర్‌కి డీజిల్ ఎంతుంది, బోనుల దగ్గరకు ఎవరు వెళ్తారు, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? అనుమతి ఇచ్చేముందే కమిటీ ఈ ప్రశ్నలు అడగాలి. కమిటీలో సైన్సుతో సంబంధం లేని సామాజిక స్పృహ ఉన్న వ్యక్తి ఒకరు ఉండాలని నియమం పెట్టిందే ఇందుకు. ఆ కుర్చీలో కూర్చున్నవారు సంతకానికే పరిమితం కాకూడదు.

ప్రయోగాల ఎలుకల్ని ఉంచే యానిమల్ హౌస్‌లో ఊక మార్చి నీళ్లు పట్టే అటెండర్‌కు మనం తక్కువ విలువ ఇస్తున్నాం. నిన్నటి నుంచి ఏ ఎలుక తిండి ముట్టలేదో, ఏది మూలకు ముడుచుకుందో ముందు తెలిసేది అతనికే. ఎలుక బరువు ఎంత పడిపోతే ప్రయోగం ఆపి దానికి బాధ లేకుండా ముగింపు ఇవ్వాలో ముందే రాసుకుంటాం. చాలా ప్రయోగాల్లో ఆ హద్దు 20 శాతం. ఆ హద్దు దాటిన రోజును పట్టుకోవాలంటే అతని రిజిస్టరే దిక్కు. కమిటీ సమావేశానికి అతన్నీ పిలవాలి. తెలుగులోనో ఒడియాలోనో తను చూసింది చెప్పనివ్వాలి, ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కాలి.